బోర్డు మీద లేని సర్వీసు

కరుణాకర్‌రావు పోయిన నలభయ్యో రోజున మరిది ఉపేందర్‌రావు ఒక ఫైలు తెచ్చి లీలాబాయి ముందు పెట్టాడు.

"హైదరాబాద్ పార్టీ తయారుగున్నది వదినా. కంపెనీ మొత్తం వాళ్ళే తీసుకుంటరు. నువ్వు సంతకాలు పెడితే అయిపోతది. నీకు ఏ ఫికర్ లేకుంట నేను చూసుకుంట."

లీలాబాయి పెన్ను తీసుకుంది. ఈ నలభై రోజుల్లో ఆమె చాలా కాగితాల మీద సంతకాలు పెట్టింది. బ్యాంకువాళ్ళవి, బీమావాళ్ళవి, కరెంటు ఆఫీసువాళ్ళవి. ఎవరు ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ రాసింది. ఈసారి మూడో పేజీలో టైపు చేసిన జాబితా ఒకటి ఉంది. మానేరు ఎలక్ట్రో ఇండస్ట్రీస్ తయారుచేసే వస్తువులు, చేసే సర్వీసులు, అవి ఏ ఊళ్ళో ఎవరి దగ్గర ఉన్నాయో వరుసగా రాసి ఉంది. వోల్టేజి స్టెబిలైజర్లు, మోటారు స్టార్టర్లు, మైకుసెట్లు, బడుల్లో కరెంటు గంటలు, ఆస్పత్రుల్లో ఇంటర్‌కమ్ ఫోన్లు, ఎలక్ట్రానిక్ కాంటాలు, పత్తి తేమ మీటర్లు. అమ్మకం, బిగింపు, మరమ్మతు, ఏడాది సర్వీసు. జాబితా కింద ఒక వాక్యం ఉంది: పైన రాసినవన్నీ నేను స్వయంగా చూసి, సరిగా ఉన్నవని ధ్రువీకరిస్తున్నాను.

"నేను ఏదీ చూడలే గద," అంది లీలాబాయి.

"గది ఊకె రాసుడు వదినా. ఎవరు చూస్తరు?"

"చూస్త."

ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియలేదు. ఆమె మొండి మనిషి కాదు. మరిది మీద అనుమానమూ లేదు. చూడకుండా చూశానని రాయడం ఎట్లా అనిపించింది, అంతే.

నిజానికి ఆమెకు ఏదీ పెద్దగా అనిపించడం మానేసి నలభై రోజులైంది. ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం కరుణాకర్‌రావు ఫ్యాక్టరీలో అన్నం తిని, స్టూలు మీద కూర్చుని, కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. నలభై ఎనిమిదేళ్ళు. కంపెనీ వ్యాను వాకిట్లో ఆగి, పనివాళ్ళు ఆ మాట చెప్పినప్పుడు లీలాబాయి బియ్యం ఏరుతోంది. విన్నాక కూడా చాటలో మిగిలిన గుప్పెడు ఏరి, డబ్బాలో పోసి, చేతులు కడుక్కుని బయటికొచ్చింది. చుట్టాలు ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకున్నారు. ఏడుపు వస్తుందని ఆమె కూడా ఎదురుచూసింది. పదకొండో రోజు వరకు చూసింది. తర్వాత చూడడం మానేసింది. వాళ్ళకు పిల్లలు లేరు. ఇంట్లో మాట్లాడాల్సిన పని కూడా లేకుండా పోయింది.

ఏడాది తిరగకుండా గడప దాటడమేమిటని ఆడపడుచులు గొణిగారు. సోమవారం పొద్దున లీలాబాయి కరీంనగర్ మంకమ్మతోటలోని కంపెనీ షెడ్డు దగ్గర, సర్వీసుల పేర్లన్నీ రాసిన బోర్డు కింద వ్యాను ఎక్కింది. నడిపేది మక్బూల్. గడియారం టవర్ దగ్గర రేడియోలు బాగుచేసుకునే మక్బూల్‌ను డెబ్భై మూడులో కరుణాకర్‌రావు తెచ్చుకున్నాడు. తండ్రి ఇచ్చిన భూమిలో తన భాగం అమ్మి ఆయన షెడ్డు వేసినప్పుడు మక్బూలే మొదటి పనివాడు. ఇప్పుడు యాభై అయిదేళ్ళు. కంపెనీలో అందరికంటే పాత మనిషి.

"ఎక్కడెక్కడికి పోదామమ్మా?" అన్నాడు మక్బూల్.

"జాబితల ఉన్న తీరు. ఒక్కొక్క రకం ఒక్కటన్న చూస్తె చాలు."

మక్బూల్ జాబితా అందుకుని చివరిదాకా చదివాడు. "మంచిర్యాల దాంక పోయి వాపసు వచ్చేద్దమమ్మా. అదిలాబాద్ దిక్కు తొవ్వ ఖరాబున్నది."

"అదిలాబాద్ గూడ పోదాం," అంది లీలాబాయి.

రాయపట్నం దగ్గర గోదావరి దాటి లక్సెట్టిపేట చేరారు. అక్కడ ఒక రైసు మిల్లులో స్టెబిలైజరు చూసింది. పెద్ద ఇనుప పెట్టె, తేనెటీగల్లా శబ్దం చేస్తోంది. మిల్లు యజమాని కుర్చీ తెప్పించి, "సార్ దేవునసోంటి మనిషి. రాత్రి ఫోన్ చేస్తే పొద్దుగాల ఇక్కడుంటుండె," అన్నాడు. ఆడపిల్లల బడిలో గంట చూసింది. పెద్దపంతులమ్మ మీట నొక్కి మోగించి చూపించింది. తరగతుల్లో పిల్లలు ఇంటర్వెల్ అనుకుని బయటికి పరుగెత్తుకొచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళారు. మంచిర్యాలలో ఒక నర్సింగ్ హోంలో ఫోన్లు చూసింది. నర్సు ఒక గదిలోంచి, లీలాబాయి ఇంకో గదిలోంచి మాట్లాడారు. "వినవడుతుందా అమ్మా?" అంది నర్సు. "వినవడుతుంది," అంది లీలాబాయి. ఇంకేం చెప్పాలో తెలియక ఇద్దరూ ఫోన్లు పెట్టేశారు.

ప్రతిచోటా ఆయన్ను పొగిడారు. ప్రతిచోటా ఆమె తల ఊపి, జాబితాలో ఆ వస్తువు పక్కన పెన్నుతో గీత పెట్టింది. అవి తన భర్త పదిహేడేళ్ళు చేసిన వస్తువులని ఆమెకు తెలుసు. కానీ ఎవరో పరాయివాళ్ళ పెళ్ళిలో సామాను చూస్తున్నట్లే ఉంది.

రాత్రికి మంచిర్యాలలో పినతల్లి జానకీబాయి ఇంట్లో ఆగి, తెల్లవారి అదిలాబాద్ దారి పట్టారు. జన్నారం అడవి దాటేదాకా మక్బూల్ బండిని మెల్లగా నడిపాడు.

అదిలాబాద్ దాటి పెన్‌గంగ వైపు పోయే దారిలో ఒక జిన్నింగు మిల్లు ఉంది. దాని వాకిలి నిండా పత్తి బండ్లు. అరవైకి తక్కువ ఉండవు. ఎద్దుల్ని విప్పి కట్టేసి, రైతులు బండ్ల నీడన కూర్చున్నారు. గేటు లోపల రేకుల కింద బల్ల మీద చిన్న పెట్టె. దానికి గడియారం లాంటి పలక, అందులో ఎర్ర ముల్లు. పెట్టెకు తీగతో కట్టిన రెండు పళ్ళ కడ్డీ. గుమస్తా రాజయ్య ఆ కడ్డీని పత్తిలో గుచ్చుతాడు. ముల్లు కదిలి తేమ ఎంతుందో చూపిస్తుంది. ఎనిమిది దాకా పూర్తి ధర. అది దాటితే ఒక్కో అంకెకూ కోత.

వ్యాను ఆపి మక్బూల్ దిగలేదు. "మీరు చూసి రాండ్రి అమ్మా. నేను బండి కాడ ఉంట," అన్నాడు.

లీలాబాయి వెళ్ళి బల్ల పక్కన నిలబడింది. అప్పుడు హనుమండ్లు అనే రైతు వంతు. అరవై దాటిన మనిషి. గుప్పెడు పత్తి తీసి రాజయ్య ముఖం ముందు పట్టాడు.

"నాలుగు దినాలు ఎండవోసిన పటేలా. చేతుల పట్టి చూడు. నీళ్ళ జాడ ఉన్నదా దీంట్ల?"

రాజయ్య కడ్డీ గుచ్చాడు. "పది!" అని కేకేసి రాసుకున్నాడు.

"పది ఎట్లయితది?"

"నేను చెప్తున్ననా? మిషిన్ చెప్తుంది. మిషిన్‌కు నువ్వు చుట్టమా, నేను చుట్టమా?"

హనుమండ్లు పత్తిని బండిలో వేసి, పక్కకు జరిగాడు. తర్వాతి బండికి పదకొండు. దాని తర్వాత పన్నెండు.

రాజయ్య అప్పుడు లీలాబాయిని చూసి ఎవరని అడిగాడు. కంపెనీ పేరు చెప్పగానే లేచి నిలబడి, కుర్చీ తుడిచి వేశాడు.

"సార్ గురించి విన్నమమ్మా. మస్తు బాధయింది. మీ లెక్క సర్వీసు ఎవ్వలు చెయ్యరు." కాస్త వంగి గొంతు తగ్గించాడు. "ఒక్కటే అమ్మా. గీ సీజనుకు మక్బూల్ భాయ్ రెండే జరిపిండు. పోయినేడు మూడు జరిపిండె. మా సేటు అడుగుతుండు. జర చెప్పుండ్రి."

"రెండు ఏంది?"

రాజయ్య ఆమె ముఖంలోకి చూశాడు. నవ్వబోయి ఆగాడు. "భాయ్‌కి ఎరుకమ్మా," అని బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

లీలాబాయి వ్యాను దగ్గరికి వచ్చింది. మక్బూల్ బానెట్‌కు ఆనుకుని బీడీ తాగుతున్నాడు. ఆమెను చూసి పారేశాడు.

"మక్బూల్ భాయ్, రెండు జరుపుడంటే ఏంది?"

మక్బూల్ బండ్ల వైపు చూశాడు.

"ముల్లు అమ్మా. మీటర్ల ముల్లు. ఎనిమిదుంటె పది చూపెడతది."

"ఎవరు జరిపేది?"

"నేనే. ఎన్క మన కంపెనీ సీలు ఉంటది. సీలు తీసి, స్క్రూ తిప్పి, మళ్ల సీలేస్త. దసరాకు ముంగట అన్ని మిల్లులు తిరుగుత. ఇటు దిక్కు సర్వీసు అంటే గదే."

"సార్‌కు ఎరుకనా?"

"సార్ చెప్పకుంట నేనెట్ల చేస్తనమ్మా?"

అడక్కుండానే మక్బూల్ మిగతాది చెప్పాడు. ఎనభై నాలుగులో మొదటిసారి మీటర్లు తయారుచేసి ఇచ్చినప్పుడు అన్నీ సరిగ్గానే చూపించాయి. దసరా దాటగానే మిల్లులవాళ్ళు ఒక్కటి మిగలకుండా వాపసు పంపారు. షెడ్డులో అప్పుడు ఇరవై రెండు మంది పనివాళ్ళు.

"సార్ రెండు దినాలు ఎవ్వలితోని మాట్లాడలే. మూడో దినం నన్ను పిలిచి, వాళ్ళు అడిగినట్ల పెట్టియ్యి మక్బూల్ అన్నడు. గంతే. మళ్ల ఎన్నడూ గా ముచ్చట తియ్యలే. ఇటు దిక్కు ఎన్నడూ రాలే."

"బాధపడ్డడా?"

"నాకు చెప్పలేదమ్మా. అబద్ధం ఎందుకాడాలె?"

ఎనభై అయిదు ఉగాదికి ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. కరుణాకర్‌రావు దాన్ని వంటింటి మూలన నిలబెట్టి, తలుపు తీసి, లోపల దీపం వెలగడం ఆమెకు చూపించాడు. లీలాబాయికి ఇప్పుడది గుర్తొచ్చింది. కోపం వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. ఏమీ రాలేదు. ఎండ మాత్రం తల మీద ఉంది.

"సక్కగ పెట్టేందుకు ఎంతసేపు పడతది?"

"రెండు నిమిషాలు."

"పెట్టు."

"వాళ్ళు ఊకోరమ్మా."

"సీలు మనదే గదా."

మక్బూల్ సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. బల్ల దగ్గరికి వెళ్ళి, రాజయ్య చూస్తుండగానే పెట్టెను వెనక్కి తిప్పి సీలు తెంచాడు. మూడు జరపడానికే వచ్చాడనుకుని రాజయ్య అడ్డురాలేదు. మక్బూల్ స్క్రూ తిప్పాడు. సంచిలో ఉన్న చిన్న పరీక్ష పెట్టెకు తగిలించి చూశాడు, మళ్ళీ కొంచెం తిప్పాడు, కొత్త సీలు వేశాడు. తర్వాత కడ్డీ తీసుకుని హనుమండ్లు బండి దగ్గరికి తీగ అందేంత దూరం పోయి, "పత్తి ఇటు పట్టు పెద్దాయనా," అన్నాడు.

ముల్లు ఎనిమిది మీద ఆగింది.

చుట్టూ మూగిన రైతులు ఒకరి మీద ఒకరు వంగి చూశారు. "ఎనిమిది! ఎనిమిది!" అని వెనకవాళ్ళకు చెప్పారు. హనుమండ్లు లీలాబాయి వైపు చూసి రెండు చేతులూ జోడించాడు.

రాజయ్య లోపలికి పరుగెత్తాడు. సేటుతో ఫోన్లో మాట్లాడి వచ్చి, పెట్టెను ఎత్తి చంకన పెట్టుకున్నాడు.

"కాంటా బంద్! ఇయ్యాల కొనుడు లేదు. అందరు బండ్లు కట్టుకొని పోండ్రి."

రాజయ్య అందర్నీ బయటికి పంపి గేటు వేయించాడు. మొదట రైతులు అతని మీద అరిచారు. గేటు కర్రలు పట్టి ఊపారు. గంట గడిచింది. ఎద్దులకు నీళ్ళు లేవు. కొందరు రెండు రోజుల కిందట బయల్దేరి వచ్చినవాళ్ళు. రెండో గంటకు అరుపులు తగ్గాయి. అందరూ లీలాబాయి వైపు చూడడం మొదలుపెట్టారు. చివరికి హనుమండ్లే ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీరు మంచికే చేసిండ్రు. కాదనలే. కానీ మీరు ఎల్లిపోతరు. నేను రేపు మళ్ల గీ గేటుకే రావాలె. ముల్లు ఎంత చూపెట్టినా మాకు అమ్ముడు తప్పది. జర వాళ్ళకు చెప్పి తెరిపియ్యుండ్రి."

"నా మాట వింటరా వాళ్ళు?"

"అయితే మీరు ఇక్కడికెల్లి పోండ్రి. మీరు పోతే తెరుస్తరు."

అతని గొంతులో కోపం లేదు. పని కావాలన్న తొందర మాత్రమే ఉంది. లీలాబాయి వ్యాను ఎక్కింది. మక్బూల్ బండిని రోడ్డు మీదికి తెచ్చి, మలుపు దగ్గర ఆపాడు. అక్కడినుంచి చూస్తుండగానే గేటు తెరుచుకుంది. బల్ల మీద పెట్టె లేదు. రాజయ్య పత్తిని పిడికిట్లో నలిపి చూసి చేతి అంచనాతో అంకెలు కేకేస్తున్నాడు. మొదటి బండి హనుమండ్లుది. "పది!" అన్న కేక రోడ్డు దాకా వినిపించింది. హనుమండ్లు తల ఊపి బండిని లోపలికి తోలుకుపోయాడు.

"చెప్పిన గదమ్మా," అన్నాడు మక్బూల్.

"చెప్పినవు," అంది లీలాబాయి.

కరీంనగర్ చేరాక ఆమె జాబితా తీసి, పత్తి తేమ మీటర్లు అన్నచోట పక్కన తన చేత్తో రాసింది: కొనేవాళ్ళు అడిగినట్లు ముల్లు రెండు మూడు అంకెలు ఎక్కువ చూపేలా మన కంపెనీయే పెట్టి ఇస్తున్నది. నేను చూశాను. దాని కింద సంతకం పెట్టింది.

ఉపేందర్‌రావు అది రెండుసార్లు చదివాడు.

"గిది హైదరాబాద్‌కు పంపాల్నా వదినా?"

"చూసినదే రాసిన."

నాలుగు రోజుల తర్వాత అతను మళ్ళీ వచ్చాడు. ముఖం తేటగా ఉంది. "వాళ్ళకు అభ్యంతరం లేదన్నరు వదినా. అసలు గా ఐటం కోసమే కొంటున్నరట. మక్బూల్‌ను గూడ మూడేండ్లు వాళ్ళ దగ్గర పని చెయ్యాలని కాగితంల రాయమంటున్నరు. నువ్వు ఊకెనే పరేషాన్ అయినవు."

"అయితే అమ్మేది లేదు."

"ఏంది?"

"కంపెనీ అమ్మేది లేదు ఉపేందర్."

అతను బతిమాలాడు. తర్వాత అరిచాడు. "అన్న పేరు ఖరాబు చేస్తున్నవు నువ్వు. పోయినోని పరువు బజార్ల పెడుతున్నవు."

"నేను చేసిన్నా?" అంది లీలాబాయి. అడిగినట్లే అడిగింది. అందులో దెప్పిపొడుపు లేదు. ఉపేందర్‌రావు ఫైలు తీసుకుని లేచాడు. ఆ తర్వాత అతను ఆ ఇంటికి రావడం బాగా తగ్గించాడు.

సంక్రాంతి దాటాక ఆమె అన్ని మిల్లులకూ ఉత్తరాలు రాయించింది. మీటర్లు తెస్తే సరిచేసి ఇస్తామని, తేకపోతే వాటి మీద ఉన్న సీలు ఇక మాది కాదని. ముప్పై నాలుగు మీటర్లలో ఆరు వచ్చాయి. అదే మాట జిల్లా పత్రికలో చిన్న ప్రకటనగా వేయించింది. అది చదివినవాళ్ళు ఎందరో తెలియదు గానీ, మిల్లులవాళ్ళు మాత్రం చదివారు. కాంటాలు కూడా తమకు వద్దని కాంట్రాక్టులు రద్దు చేసుకున్నారు. ముల్లు జరిపే పని ఇంకెవరో అందుకున్నారని ఎండాకాలంలో తెలిసింది.

షెడ్డులో పని సగానికి పడిపోయింది. పది మందిని పంపేయాల్సి వచ్చింది. ఆ మాట మేనేజరుతో చెప్పించకుండా లీలాబాయి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి తానే చెప్పింది. బాలమల్లు అనే వెల్డరు భార్య మర్నాడు గేటు దగ్గరికి వచ్చి మన్ను ఎత్తిపోసింది. "నీకు పిల్లలు లేరు, నీకేం ఎరుక," అంది. లీలాబాయి ఆమె అలిసిపోయేదాకా అక్కడే నిలబడి వింది. తర్వాత లోపలికి వెళ్ళి బాలమల్లు పేరును మిగిలేవాళ్ళలో చేర్చలేమా అని చూసింది. చేర్చడానికి పని లేదు.

ఆమె రోజూ షెడ్డుకు పోవడం అలవాటు చేసుకుంది. స్టెబిలైజరులో తీగ ఎన్ని చుట్లు చుట్టాలో నేర్చుకుంది. కరెంటు గంటల ఆర్డర్లు వచ్చేవి. అవి ఆగలేదు.

మళ్ళీ దసరా ముందు జన్నారం దిక్కు నుంచి సాంబయ్య అనే రైతు ఇంకో నలుగురితో వచ్చాడు. తమ ఊరివాళ్ళంతా కలిసి ఒక తేమ మీటరు కొనుక్కుంటారట.

"మీకెందుకు?" అన్నాడు మక్బూల్. "మిల్లోళ్ళు మీ మీటరు ఒప్పుకోరు."

"ఎరుకే. ఇంటికాడ మేమే చూసుకొని బండి కడతం. వాళ్ళు ఎంతన్నా, ఎంత దోచుకుంటుండ్రో మాకు ఎరుకుంటది గద."

మక్బూల్ అర్ధగంట కూర్చుని వాళ్ళకు నేర్పాడు. ఎట్లా గుచ్చాలి, తడిచేత్తో ఎందుకు పట్టుకోవద్దు, ముల్లు ఎప్పుడు చదవాలి. తువ్వాలలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వాళ్ళు బస్సు ఎక్కారు. ఆ సీజనులో అలా ఇంకో మూడు అమ్ముడుపోయాయి. మూడే.

సంవత్సరీకం నాడు ఇంటి నిండా చుట్టాలు. ఉపేందర్‌రావు కూడా వచ్చి కర్మ చేయించాడు. భోజనాల దగ్గర అందరూ కరుణాకర్‌రావు మంచితనం చెప్పుకున్నారు. ఇరవై రెండు కుటుంబాలకు అన్నం పెట్టినవాడని ఒకాయన అన్నాడు. అది నిజమే. లీలాబాయి ఆయనకు పెరుగు వడ్డించింది.

చుట్టాలు పోయాక మక్బూల్ ఒక్కడే పందిట్లో మిగిలాడు. కుర్చీలు మడతపెట్టి గోడకు చేర్చి, ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఒక ముచ్చట అడుగుతనమ్మా. సార్ మీద మీకు కోపమున్నదా?"

లీలాబాయి ఆలోచించింది.

"తెల్వది మక్బూల్ భాయ్. వస్తె చెప్త."

"నా మీద?"

"నీ మీద గూడ అంతే."

మక్బూల్ తల ఊపాడు. సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డులో స్టెబిలైజరు కాలిపోయిందని పొద్దున్నే కబురు వచ్చింది. సాయంత్రం బస్సుకు పోతే రాత్రికి బాగుచేయొచ్చన్నాడు. లీలాబాయి లోపలికి వెళ్ళి, మిగిలిన బూరెలు నాలుగు కాగితంలో కట్టి తెచ్చి అతని సంచిలో పెట్టింది. అతను బస్టాండు వైపు నడిచిపోయాడు. ఆమె పందిట్లో విస్తళ్ళు ఎత్తడం మొదలుపెట్టింది.